మా బావ, బెంగుళూరు రేసుకోర్సు, నేను చెప్పిన అబద్ధం

ఆదివారం. తెల్లవారినప్పటి నుంచి తుంపర. డెయిరీలో పాలు పోసి ఇంటికొచ్చేసరికి కుప్పం నుంచి అక్క ఫోను. "మీ బావ పోయినాడప్పా."

రోజూ నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకోవడమే నాకు అలవాటు. నలుగురు చదవాలని రాయడం ఇదే మొదలు.

మా బావ బెంగుళూరు రేసుకోర్సులో సైసు. ముప్పై ఏళ్ళకు పైగా గుర్రాల్ని సాకాడు. సెలవుకు మా చౌడేపల్లె పక్కకు వస్తే వాకిలి నిండా జనం. తెల్లదొరల కాలం నుంచి పందేలు జరిగే మైదానం బెంగుళూరు నడిమధ్యలో ఎలా నిలిచిందో, ఎండాకాలం పందేలకూ చలికాలం పందేలకూ తేడా ఏమిటో చెప్పేవాడు. పందేనికి ముందు గుర్రాన్ని జనం ఎదుట గుండ్రంగా నడిపించాలి. గెలిస్తే యజమానే పగ్గం పట్టి తీసుకొస్తాడు.

"మరి నువ్వు యాడుంటావు?" అని ఎవరో అడిగారు.

"నేనూ ఆన్నే. ఫొటోలో నా మోచెయ్యి పడతాది."

అందరూ నవ్వారు. నేను లేచి ఆవులకు నీళ్ళు పెట్టడానికి పోయాను. అవి అప్పటికే తాగి ఉన్నాయి.

రేసుకోర్సులో ఆ పని ఉందని ముందు తెలుసుకున్నది నేను. ఇద్దరం కలిసే చేరాం. మూడో రోజు, ఇంట్లో ఎద్దును అదిలించినట్టు, వెనక నుంచి పోయి గుర్రం తొడ మీద చరిచాను. తన్నింది. గోడకు పోయి పడ్డాను. బావ దాని కళ్ళకు కనబడేటట్టు ముందు నుంచి పోయి మెడ నిమిరాడు.

"ఎనక నుంచి యాల పోతావప్పా? ఇది నీ ఎద్దు గాదు. ముందు నీ మొగం సూపించు."

అది బావకు తల వంచింది. ఆ తర్వాత దాని దగ్గరికి పోవాల్సిన పనులన్నీ బావకే వదిలేసేవాణ్ణి. వారం తిరక్కుండా ఇంటికొచ్చేశాను. అమ్మకు బాగలేదని కబురొస్తే వచ్చానని ఊళ్ళో చెప్పాను.

అబద్ధమని బావకు తెలుసు. ఎవరైనా అడిగితే మాత్రం, "వాడుండుంటే నాకంటే మేలైన సైసు అయ్యుండేవాడు. అమ్మ కోసం వదులుకున్నాడు" అనేవాడు. విన్నప్పుడల్లా నాకు కడుపు మండేది. గుర్రమూ బావదే, పెద్ద మనసూ బావదేనా అని.

ఈ మధ్యాహ్నం కుప్పంలో, వచ్చినవాళ్ళతో అక్క చెప్తూ ఉంది. "మా తమ్ముడు అమ్మ కోసం వదులుకున్నాడు గానీ, ఈయనకంటే మేలైన సైసు అయ్యుండేవాడు."

అంటే, బావ కట్టుకున్నదానికి కూడా నిజం చెప్పలేదు.

అక్కా, ఇది నీకు ఎవరైనా చదివి వినిపిస్తారు. ఆ ఏడాది అమ్మకు జలుబు కూడా చేయలేదు.

ఒకసారి బావకు చెప్పకుండా బెంగుళూరు పోయి కమ్మీల బయట నిలబడ్డాను. బావ గుర్రం ఆఖరున వచ్చింది. ఫొటో తీసేవాళ్ళెవరూ అటు చూడలేదు. చెమట ఆరేదాకా దాన్ని మెల్లగా నడిపిస్తూ బావ ఏదో చెప్తూనే ఉన్నాడు. ఏమి చెప్తున్నాడో నాకు వినబడలేదు. గుర్రం చెవులు రెండూ బావ వైపే తిరిగి ఉన్నాయి.