ఎనిమిది అడుగులు

పోయిన వేసవి నుంచి ఇప్పటికి నాన్న కేసు గురించి కోర్టుకు పదకొండు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరిదాన్ని గుమాస్తా నా ఎదురుగానే మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. అతని మొహం నాకింకా గుర్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నా నమ్మకమంతా రసీదుల మీదే.

మాది కోనసీమలో రాజోలు వైపు ఒక ఊరు. నాన్న యేసురత్నం చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. నా చిన్నప్పుడు కాయలు దొంగిలించాడని మా అన్నయ్యను స్టేషనుకు తీసుకెళ్లి మోకాలు విరగ్గొట్టారు. అసలు దొంగ తర్వాత దొరికాడు. అన్నయ్య మళ్లీ చెట్టెక్కలేదు.

నాన్న పోలీసుల మీద కోర్టులో ఫిర్యాదు వేశాడు. ముందు స్టేషను, వెనక కోర్టు, రెండూ ఒకే పెంకుల కప్పు కింద ఉండేవి. వాయిదా రోజున బంట్రోతు కోర్టు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలక్కపోతే కేసు కొట్టేస్తారు. నాన్న కేసు అలాగే పోయింది. పొద్దుటి నుంచీ వరండా బల్ల మీదే కూర్చున్నాననీ, తనను ఎవరూ పిలవలేదనీ ఆయన అనేవాడు. లోపలున్నవాళ్లంతా పిలుపు విన్నామన్నారు.

నేనూ వాళ్లనే నమ్మాను. భయపడి పలకలేదని నాన్నను మొహం మీదే అన్నాను. పోయేముందు ఆయన, "నువ్వన్నా నమ్మరా" అన్నాడు. నేను గోడవైపు చూశాను.

ఆ భవనం మూతపడి చాలా ఏళ్లయింది. కూల్చేస్తారని తెలిసి, బల్లకూ గుమ్మానికీ ఎంత దూరమో కొలుద్దామని టేపు పట్టుకుని వెళ్లాను. నాన్న అబద్ధాన్ని అంకెల్లో రాసుకోవాలని. పోయిన వేసవి, మిట్టమధ్యాహ్నం. కాపలా ఉన్న సత్తిబాబు ఆత్రేయపురం మనిషి, వచ్చి నెల కాలేదు. నా పేరు కూడా అడగలేదు.

లాకప్పు ఊచలు ఎవరో పీకేశారు. గోడకు గొలుసు తగిలించే కొక్కెం మాత్రం మిగిలింది, మోకాలి ఎత్తున. వరండా బల్ల గోడలోకి దిగ్గొట్టింది కాబట్టి అక్కడే ఉంది. సత్తిబాబు కోర్టు గుమ్మం దగ్గర టేపు కొస పట్టుకున్నాడు. ఎనిమిది అడుగులు. ఇంత దగ్గరలో వినపడలేదా అని నాకు నవ్వొచ్చింది.

అతను హాలు చూస్తానని లోపలికి వెళ్లాడు. నేను బల్ల మీద కూర్చుని అంకె రాసుకున్నాను. రోడ్డు మీద కొబ్బరి పీచు లారీ హారను విన్నాను. పెంకుల మీద ఉడత పరుగు విన్నాను. ఇంకేమీ వినలేదు.

సత్తిబాబు విసురుగా బయటికొచ్చాడు.

"అదేటండీ, పలకరేటండీ? లోపల నా చెవులు చిల్లులు పడిపోయేయి."

"ఎవరు పిలిచేరు?"

"మీతో ఇంకెవరో వచ్చేరనుకున్నానండి. యేసురత్నం హాజరా అని మూడుసార్లు పిలిచేరు. అది మీరు కాదాండి?"

"కాదు."

"మీరు పలక్కపోయేసరికి ఎవరో నవ్వేరు కూడానండి."

లోపలికి వెళ్లి చూశాను. దుమ్ములో సత్తిబాబు అడుగులే ఉన్నాయి. వెనక తలుపు తాళం తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. మర్నాడే అమలాపురంలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. ఏ లోపమూ లేదన్నాడు. కాగితం నా దగ్గరుంది.

ఆ భవనం ఇప్పుడు లేదు. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్న మనిషికి వినపడకుండా ఎలా పిలిచారు? పిలిచిందెవరు? నవ్విందెవరు? ఈ రోజుకీ నాకు తెలియలేదు. నాన్నను ఇక అడగలేను.

ఇది పన్నెండో అర్జీ. మూడుసార్లు కాదు, పన్నెండుసార్లు పిలిచాను. ఎవరో ఒకరు పలకండి.