ఫాదరు నీళ్లకు అవ్వ పట్టిన గొడుగు

మొన్నటి వానకు, మర్రిపాడు దారిలో రోడ్డు పని చేస్తున్న ఒడిశా కూలీల గుడారాలు కొట్టుకుపోతే, వాళ్లకు చర్చి హాలు తాళం ఇవ్వాలా వద్దా అని ఆత్మకూరు బాప్టిస్టు పెద్దలం రెండు గంటలు కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో మేం తాగిన టీకి సోమశిల డ్యాము గేటొకటి ఎత్తాల్సి వచ్చేది. చివరికి ఒక పెద్దమనిషి, "వాళ్లది మన సంఘమేనా? ఆధార్ ఉండాదా?" అన్నాడు. నాకు మా అవ్వ గొడుగు గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్లు మరిచిపోయి ఉండరు, డ్యాము నీళ్లు పల్లెల మీదికొచ్చిన రోజుల్ని. మా నాయన ఇంటి తలుపులూ ద్వారబంధాలూ ఊడబెరికి బండికెత్తి, ఆ గుట్ట మీద అవ్వను కూర్చోబెట్టి ఆత్మకూరు చేరాడు. బండి మీదున్నవి తప్ప మాకు తెలిసిన గుమ్మాలు లేవు. కేథలిక్కుల ఆర్‌సీఎం గుడి ఫాదరు తన ఆవరణలో రేకుల షెడ్డు చూపించి ఉండమన్నాడు. అవ్వకు అక్కడే అనుమానం పుట్టింది. పెన్నలో నిలువునా మునిగి బాప్తిస్మం తీసుకున్న మనిషికి, నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించే బాప్తిస్మం ముఖం కడుక్కోవడంతో సమానం. ఊరికే ఇల్లెవరిస్తారు, మనల్ని వాళ్ల సంఘంలో కలిపేసుకోవడానికే అని ఆమె తీర్మానించేసింది.

తెల్లారి ఫాదరు షెడ్డును దీవించడానికి నీళ్లచెంబూ ఆకుల రెమ్మా పట్టుకొచ్చి చేయెత్తాడో లేదో, అవ్వ నల్లగొడుగు ఫట్‌మని తెరిచి మా ఏడుగురినీ దాని కిందికి లాగేసింది. ఆ రోజు ఉదయగిరి కొండ వచ్చినా అందులో పట్టేది.

"మాకు బాప్తిస్మం ఎప్పుడో అయిపోయినాది! మళ్లీ పోస్తానంటే బండి కట్టుకోని పోతాం!"

నాయన ముఖం పాలిపోయింది. పోవడానికి చోటేదీ? ఆయన దిక్కులేక ఎద్దుల వైపు చూస్తే, అవి ముఖం తిప్పుకున్నాయి.

ఫాదరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇవి గోడలకవ్వా, నీకు కాదు. ఇల్లు లేనోళ్లకి చోటియ్యమన్నాడు ప్రభువు, ఏ సంఘమో అడిగి ఇయ్యమన్లేదు," అని, గొడుగు తడవకుండా చుట్టూ తిరిగి గోడల మీద చల్లాడు. నాయన వదిలిన ఊపిరికి పైన రెండు రేకులు లేచాయి. మూడేళ్లు అక్కడే ఉన్నాం. ప్రతి ఆదివారం అవ్వ ఆ ఆవరణలోంచే మా చర్చికి నడిచేది, ఎందుకైనా మంచిదని గొడుగుతో.

ఇదంతా పెద్దలకు చెప్పాను, కాస్త కలిపే చెప్పాను. ఆధార్ అడిగిన మనిషే తాళంచెవి నా ముందుకు విసిరి, "తీసుకపోరా, నువ్వు నోరు మూస్తే చాలు," అన్నాడు.

సాయంత్రం కూలీలు వచ్చారు. ఒక ముసలామె గుమ్మం దగ్గరే ఆగి, చెంగు కింద దాచుకున్న దేవుడి పటాన్ని అదుముకుంటూ నన్ను చూసింది. ఆనాడు గొడుగు కింద నుంచి ఫాదరును నేను చూసిన చూపే అది. ఆమె భాష నాకు రాదు. గోడకున్న క్యాలెండరు తీసేసి, మేకు చూపించాను. బిగుసుకున్న ఆమె భుజాలు వదులయ్యాయి, నావీ వదులయ్యాయి.

ఆ కాలంలో దిక్కులేక వచ్చినవాళ్లం మేం గొడుగు తెరిచేవాళ్లం, ఇల్లున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఇప్పుడు ఇల్లున్న మేమే ఆధార్ అడిగి ఆ గొడుగు తెరుస్తున్నాం, అదీ ఎవరూ నీళ్లచెంబు ఎత్తకముందే.