పలక మీద సంతకాలు

మార్కాపురంలో నేను ఫుట్‌బాల్ నేర్చుకున్నది పలకల ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో. ఎక్కడ అడుగేసినా విరిగిన పలక ముక్కలే. పడితే మోకాలు చీరుకుపోయేది. అందుకే మేం పడేవాళ్లం కాదు, ఎవరినీ పడేసేవాళ్లమూ కాదు. ఆ ఫ్యాక్టరీలో పలకలు కోసే మా నాయన సాయంత్రం గోడ దగ్గర నిలబడి ఒకటే మాట అనేవాడు. "బంతి పోతే పోనీ. నువ్వు మాత్రం కింద పడొద్దు నాయనా."

చివరికి అదే నా ఆటయింది. పదకొండేళ్లు జీతానికి రకరకాల జట్లలో డిఫెండర్‌గా ఆడాను. మిగతా డిఫెండర్లు నేల మీద జారుతూ వెళ్లి బంతి తన్నేసేవాళ్లు. ఎంత మెత్తటి పచ్చిక పరిచినా నా ఒళ్లు ఒప్పుకునేది కాదు. దాని కింద పలక ముక్కలున్నాయనే అనిపించేది. కోచ్‌లు తల పట్టుకున్నారు. బయట నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, మైదానంలో నా కాలు తగిలి ఒక్కడూ కుంటలేదు. ఆటయ్యాక అవతలి జట్టువాళ్లు కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఊరి నుంచి వెళ్లినప్పుడల్లా వాళ్ల పిల్లలకు పలకలు పట్టుకెళ్లేవాణ్ణి.

డిఫెండర్‌కు ఏం మిగులుతుంది? గోల్ కొట్టినవాడి ఫొటోలో వెనక మసకగా ఒక భుజం. నేను ఆట మానేసిన రోజు రెండు జట్లవాళ్లూ ఆ పలకల్లోనే ఒకదాని మీద బలపంతో సంతకాలు చేసి నా చేతిలో పెట్టారు. అందులో నాకు చదవరాని లిపులు నాలుగున్నాయి. పదకొండేళ్లకు నాకున్న గుర్తు అదొక్కటే.

రైల్లో ఆ పలకను ఒడిలోంచి దించలేదు. నల్లమల సొరంగాల్లో చీకటి కమ్మినప్పుడల్లా తెల్లటి సంతకాలన్నీ మాయమయ్యేవి. బయటపడగానే ఒక్కొక్కటే తేలి వచ్చేవి. కలలో ప్రయాణం చేస్తున్నట్టే ఉంది. గిద్దలూరులో టీకి కూడా దిగలేదు. ఇంటికెళ్లి నింపాదిగా ఫొటో తీసుకుందాంలే అనుకున్నాను.

నాయన గుమ్మంలోనే ఉన్నాడు. ఇప్పుడాయనకు చూపు సరిగా ఆనదు.

"ఏంది నాయనా అది?"

"పలక" అని చేతికిచ్చాను.

ఏ పలక చేతికొచ్చినా ముందు తుడిచి రాయి చూడటం ఆయనకు జీవితమంతా అలవాటు. నేను నోరు తెరిచేలోపే, ఎండకు తడిపి భుజాన వేసుకున్న తువ్వాలుతో ఒక్క తుడుపు తుడిచాడు. వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"మంచి రాయి. యాడా పగుల్లేదు. నేను కోసిందే ఇది."

కోపం గొంతు దాకా వచ్చింది. సంబరంగా ఉన్న ఆయన మొహం చూశాక అక్కడే ఆగిపోయింది. గుమ్మం ముందు మట్టిలో కూలబడ్డాను.

"ఏంది, పడినావా?" అన్నాడు, నావైపు చెయ్యి చాపి తడుముకుంటూ.

"లేదు నాయనా. కూచున్నా."