పెన్సిలు కట్టిన గోడ

బ్లాగుల గురించి ఈమధ్య పేపర్లలో వస్తున్న వ్యాసాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దుపోనివాళ్ళు ఏదో రాసుకుంటున్నారట, అందులో గృహిణులు కూడా ఉన్నారట! ఆ ‘కూడా’ దగ్గరే నా మంట. ఎవరు ఏం రాశారో మాత్రం ఒక్క ముక్క చెప్పరు. మా మేనత్తకీ ఇలాగే జరిగింది.

ఎనభైల్లో, ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఆగిరిపల్లిలో మామిడికాయల షెడ్డు గోడకి వారం వారం ఒక పెద్ద తెల్లకాగితం అంటించేదాన్ని. నేను చేత్తో రాసిన పత్రిక అది. మంచుకి పూత మాడిన సంగతి, నూజివీడు బస్సు రాని సంగతి, నాకు కోపం తెప్పించిన సంగతులన్నీ అందులో ఉండేవి. కింద సగం కాగితం ఖాళీగా వదిలి, పక్కన పురికొసతో పెన్సిలు వేలాడదీసేదాన్ని. చదివినవాళ్ళు అక్కడ జవాబు రాయొచ్చు. నిజం చెప్పాలంటే నా రాతలకన్నా ఆ జవాబుల కోసమే జనం ఆగేవాళ్ళు.

అత్త ఆ షెడ్డులోనే కాయలు ఏరి పెట్టెలకెత్తేది. మామయ్య పోయాక, నలభై దాటిన వయసులో, నా దగ్గర అక్షరాలు దిద్దుకుంది. ఆ ఏడు కాపు సరిగా లేదని నేను ఏడుపుగొట్టు రాత ఒకటి రాస్తే, మామిడి సొనకి కాలిన వేళ్ళతో కింద ఇలా రాసింది: “చెట్టుకి మాత్రం అలుపు రాదా? ఈ ఏడు పడుకోనీ.” ఊరంతా ఆ మాటే చెప్పుకున్నారు. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక రోజూ పని దిగగానే గోడ దగ్గరికే వచ్చేది.

“ఇంటికెళ్తే మాట్లాడ్డానికి ఎవరున్నారే? ఇక్కడ రెండు ముక్కలు రాస్తే పదిమందిలో కూర్చున్నట్టుంటది” అనేది.

మరుసటి కాపుకి ఒక పెద్ద పేపరు విలేకరి స్కూటరు మీద వచ్చాడు. గోడమీద ఏముందో చదవలేదు. అత్తని తట్ట నెత్తిన పెట్టుకుని కాగితం వంక చూస్తూ నిలబడమన్నాడు.

“తట్ట మోస్తా ఎవరు చదువుతారండీ?” అంది అత్త.

“ఫొటోకి బాగుంటుందమ్మా” అన్నాడు.

పేపరొచ్చిన రోజు షెడ్డులో అందరం మూగాం. అత్తే ముందు అందుకుంది. ఫొటో కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివింది: “చదువు రాకపోయినా గోడపత్రికను ఆసక్తిగా చూస్తున్న కూలి మహిళ.” ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త పేపరు మడిచి నా చేతిలో పెట్టి పనిలోకి వెళ్ళిపోయింది.

నూజివీడు వెళ్ళి విలేకరితో పోట్లాడాను. “మీ ఊరి పేరు పేపర్లో వచ్చిందని సంతోషించక, ఈ గొడవేంటమ్మా?” అన్నాడు.

“నాకు చదువొచ్చు అని నువ్వే గోడమీద రాయత్తా” అని బతిమాలాను.

“అంత పెద్ద పేపరోళ్ళు రాదని అచ్చేశాక, నేను పెన్సిలుతో రాస్తే ఎవరు నమ్ముతారే?” అంది.

ఆ తర్వాత ఆమె పని దిగి నేరుగా ఇంటికే పోయేది. ఒక్కతే తలుపు వేసుకుని కూర్చునేది.

పై ఏడు పెట్టెల్లో పరచడానికి పాతపేపర్లు కట్టలుగా తెచ్చారు. అత్త ఒక్కొక్కటీ పరిచి కాయలు పేరుస్తోంది. ఒక కాగితం దగ్గర ఆమె చూపు కాస్త ఆగినట్టు అనిపించి, ఆశగా అడిగాను.

“అందులో ఏం రాశారత్తా?”

“నాకేం తెలుసే, చదువు రానిదాన్ని” అంటూ దానిమీద కాయలు పేర్చింది.