ఎడమ గోడ

ఓడలో పనిచేసేవాళ్లలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. నడవ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, దారిలో అడ్డంగా ఏమీ లేదని తేల్చుకున్నాక నడుముకు వేలాడే వైర్‌లెస్ సెట్టులో ఆయన చెప్పేది ఒకటే మాట: "ఖాళీ." ఏళ్ల తరబడి అదే మాట, అదే గొంతు. అందుకని ఖాళీ బాబాయి అయ్యాడు. భోజనాల దగ్గర కుర్రాళ్లు పళ్లెం పట్టుకుని వచ్చి, కుర్చీ ఖాళీయేనా బాబాయ్ అని అడిగితే, కుర్చీ సంగతి తెలీదు గానీ నీ బుర్ర మాత్రం ఖాళీయే అనేవాడు. రోజూ ఉండే ఎకసెక్కమే. రోజూ నవ్వేవాళ్లు.

సెలవులు గడపడానికి వచ్చిన జనాన్ని సముద్రంలో తిప్పి తెచ్చే ఓడ అది. గదులు ఇరుకు. అందుకని జనం తమ సామాను తలుపు బయట పెట్టేస్తారు. తడి చెప్పులు, సగం తిని వదిలేసిన పళ్లేలు, పిల్లల్ని తోసే బండ్లు, చక్రాల కుర్చీలు, పుట్టినరోజు బుడగలు. ఒకసారి ఒక కొత్త పెళ్లికూతురు అలిగి మొగుడి పెట్టెను బయటికి నెట్టింది, కాసేపటికి మొగుణ్ణి కూడా నెట్టింది. పెట్టెను లోపలికి చేర్చడం వరకే ఖాళీ బాబాయి పని. ఆయన ఇద్దర్నీ చేర్చాడు.

నవ్వులాటగా కనిపించే ఈ పని వెనక ఒక భయం ఉంది. పొగ కమ్మినప్పుడు మనిషి కళ్లతో నడవడు, గోడ పట్టుకుని నడుస్తాడు. అప్పుడు గోడ వారగా పడున్న చిన్న పెట్టె కూడా కాలికి ఉచ్చు. అందుకే నడవను ఇద్దరు మనుషులు పక్కపక్కన నడుస్తూ ఖాళీ చేస్తారు. ఒకరిది ఎడమ గోడ, ఒకరిది కుడి గోడ. ఎవరి గోడ ఎవరిదో సిబ్బంది గదిలో బోర్డు మీద రాసి ఉంటుంది. ఇద్దరికీ అప్పజెప్పిన అంతస్తు నడవలో కుడి గోడ ఖాళీ బాబాయిది, ఎడమ గోడ ఆయన బావమరిదిది.

నిజానికి వాళ్లు గోడలు మార్చుకున్నారు. ఆ సంగతి బోర్డుకు తెలియదు.

కొంతకాలంగా ఖాళీ బాబాయికి పక్కనున్నవి కనిపించడం మానేశాయి. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనిపించేది. కంపెనీ డాక్టర్లు ఏటా చదివించే అక్షరాలన్నీ గడగడా చదివేసేవాడు. పక్కకు వచ్చేసరికి మాత్రం చీకటి కూడా ఉండేది కాదు, అసలు ఏమీ ఉండేది కాదు. కుడి కన్ను మరీ అధ్వానం. అందుకని ఒకరోజు కుడి భుజం పట్టేసిందని, ఎడమ గోడ తనకు వదలమని బావమరిదిని అడిగాడు. వాడు సరేనన్నాడు. అప్పటినుంచి ఖాళీ బాబాయి ఎడమ చేతి వెనక భాగాన్ని గోడకు ఆనించి, దుమ్ము పీల్చే యంత్రం గొట్టాన్ని ముందుకు తోస్తూ, బొటనవేలితో నేలను తడుముతూ నడిచేవాడు. చూసేవాళ్లకు అది పెద్దవాళ్ల చాదస్తంలా ఉండేది. చూపు పోయినవాణ్ణి ఏ ఓడా ఉంచుకోదని ఆయనకు తెలుసు. ఓడ దిగాక తను చేయగలిగిన పని ఏదో మాత్రం ఎంత ఆలోచించినా తట్టేది కాదు.

బావమరిది ఆయన భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. అంగడి పెట్టి మూసేశాడు. బండి నడపడం నేర్చుకోబోయి, నేర్పేవాడి బండినే గుద్దేశాడు. ఏ పనిలోనూ కుదురులేనివాణ్ణి అక్క బతిమాలితే బావే ఓడలోకి తెచ్చాడు. ఇక్కడ వాడికి రొట్టెల గది తగిలింది. పని లేనప్పుడల్లా అక్కడే, మోచేతుల దాకా పిండితో. ఇన్నాళ్లకి నా చేతుల్లో పొంగింది ఇదొక్కటే బావా అనేవాడు. రొట్టెల మేస్త్రి కూడా వాడి చెయ్యి మంచిదని, వచ్చే ప్రయాణానికి నడవ నుంచి తప్పించి తన దగ్గర పెట్టుకుంటానని మాట ఇచ్చాడు. అప్పటినుంచి వాడు నడిచే తీరే మారింది.

ఆ రోజు పొద్దున ఇద్దరూ నడవలో సగం దూరం వచ్చారో లేదో, మేస్త్రి కబురు పంపాడు. కలిపిన పిండి చూసి పోవాలట. వెళ్లిరా, మిగతాది నేను చూసుకుంటానని ఖాళీ బాబాయే పంపాడు. రెండు గోడలూ తనే తడిమాడు. చివరికి వచ్చి సెట్టులో "ఖాళీ" అన్నాడు.

బట్టలు ఆరబెట్టే యంత్రంలో పేరుకున్న నూగు అంటుకుని కాసేపటికే కిందినుంచి పొగ లేచింది. మంట చిన్నదే, లేచినంతసేపట్లో ఆరిపోయింది కూడా. కానీ పొగ గాలిగొట్టాల్లోంచి వాళ్ల నడవలోకి ఎక్కింది, గంట మోగింది, జనం తలుపులు తోసుకుని బయటపడ్డారు. ఎడమ గోడ పట్టుకుని వస్తున్న ఒక ముసలావిడ కాలికి, తలుపు మూలలో మడిచి ఆనించిన పిల్లల బండి తగిలింది. నల్ల బండి, ముదురు నీలం తివాచీ. ఆవిడ పడిన చప్పుడు ఖాళీ బాబాయికి వినిపించింది. పరుగున వెళ్లి ఆవిడ తల కింద చెయ్యి పెట్టినప్పుడు ఆయన మోకాలికి గుచ్చుకున్నది ఆ బండి చక్రమే. యంత్రం గొట్టం గోడ వెంబడి పోతుంది గానీ తలుపు మూలలోకి తిరగదు. ఆవిడ తుంటి ఎముక విరిగింది. రేవు రాగానే ఆసుపత్రికి పంపాలన్నారు.

సూపర్‌వైజరు మేడమ్ కఠినురాలు కాదు. కానీ బోర్డు చూసింది. ఎడమ గోడ బావమరిదిది, పని మధ్యలో వదిలి రొట్టెల గదికి పోయాడని సాక్షులున్నారు. రేవులో దిగిపొమ్మంది. అలా దించేసినవాణ్ణి మరో ఓడ కూడా తీసుకోదు. వాడు చేతులు కట్టుకుని అంతా విన్నాడు. గోడలు మార్చుకున్నామన్న ఒక్క మాట అనలేదు.

ఖాళీ బాబాయి మేడమ్ గదికి వెళ్లాడు. ఎడమ గోడ తను చూశానని, తప్పు తనదని చెప్పాడు. ఆవిడ కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది, ఆయన చెప్పింది మాత్రం నమ్మలేదు. తివాచీలో పడ్డ తలపిన్ను కూడా ఏరే మనిషి అంత బండిని వదిలేస్తాడా అని అడిగింది. బావమరిది మీద ప్రేమ ఉండాల్సిందేగానీ ఒకరి తప్పు ఒకరు నెత్తిన వేసుకోవడం ఈ ఓడలో కొత్తగా చూడటం లేదంది. నిజంగా మీరే అయితే ఎందుకు వదిలేశారో చెప్పండి అంది. ఆ ఒక్క ముక్కా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పరధ్యానంలో ఉన్నానేమో అని గొణిగి బయటపడ్డాడు.

ఇద్దరూ ఉండే కింది గదిలో బావమరిది చొక్కాలు మడత పెడుతున్నాడు. ఖాళీ బాబాయి గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఎందుకురా చెప్పలేదు, ఆ గోడ నాదని?"

"చెప్తే ఎందుకు చూడలేదని నిన్నడుగుతుంది. ఏం చెప్తావు?"

"ఏదో ఒకటి చెప్పేవాణ్ణి."

"ఇప్పుడు చెప్పొచ్చావుగా. ఏం చెప్పావు?"

బావమరిది చేతిలో చొక్కా మంచం మీద పడేసి కూర్చున్నాడు.

"తలపిన్నులన్నీ నేనే ఏరానులే బావా. నువ్వు రెండడుగులు ముందుకెళ్లాక నీ వెనకాల నేను ఇంకోసారి చూసేవాణ్ణి. నీకు చెప్పులు కనపడేవి కావు, పళ్లేలు కనపడేవి కావు. ఒకరోజు నిలువెత్తు పూలగుత్తి ఉంది, దాన్ని రాసుకుంటూ పోయావు. వాసనైనా రాలేదా నీకు?"

"ఎప్పణ్ణుంచి?"

"ఎక్కిన రోజు నుంచే. అక్క చెప్పి పంపింది. బావ గ్లాసు బల్ల మీద పెట్టబోయి గాల్లో పెడుతున్నాడు, అడిగితే కోప్పడతాడు, కాస్త కనిపెట్టుకుని ఉండరా అంది." వాడు నవ్వబోయి మానుకున్నాడు. "ఇవాళ ఒక్కరోజు పిండి చూడ్డానికి పోయాను."

ఖాళీ బాబాయి మంచం అంచు తడిమి కూర్చున్నాడు. ఇన్నాళ్లూ తన గుట్టు తనలోనే ఉందనుకున్నాడు. ఇంట్లో ఆవిడకు తెలుసు, వీడికి తెలుసు, తన పనిలో సగం వీడే చేశాడు. సెట్టులో గట్టిగా "ఖాళీ" అన్నప్పుడల్లా వీడు వెనక చేతి నిండా చెప్పులు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ ఊహకు ఆయన చెవులు వేడెక్కాయి.

"పద," అన్నాడు.

"ఎక్కడికి? వద్దు బావా. నేను ఎక్కడైనా బతుకుతాను. నువ్వు దిగితే ఏం చేస్తావు?"

ఖాళీ బాబాయి లేచి తలుపు వైపు నడిచాడు.

మేడమ్ గదిలో ఈసారి నిలబడే చెప్పాడు. "నాకు కనపడదు మేడమ్. పక్కనుండేవి కనపడవు. చాలా కాలంగా."

మేడమ్ ఆయన వంకా గుమ్మంలో ఉన్న బావమరిది వంకా చూసింది. వాడికి తెలుసా అని అడిగింది. తెలీదన్నాడు ఖాళీ బాబాయి. ఈసారి చెప్పినవాటిలో అదొక్కటే అబద్ధం. ఆవిడ నిట్టూర్చి, ఇద్దర్నీ నడవలోకి తీసుకెళ్లింది. ఎక్కడినుంచో ఒక బూటు తెచ్చి ముందుకు వెళ్లి పెట్టింది. అది ఏ గోడ పక్కన పెట్టిందో ఆయనకు తెలియలేదు. నడవమంది.

ఆయన నడిచాడు. బూటును తన్నాలి, లేదా తూలి పడాలి. అంతకంటే సులువైన పరీక్ష ఉండదు. కానీ చెయ్యి తనంతట తనే గోడకు చేరింది, బొటనవేలు నేలను రాస్తూ పోయింది, మెత్తగా ఏదో తగిలీ తగలగానే కాలు పైకి లేచి దాన్ని దాటేసింది. దాటాక గానీ ఆయనకు తెలియలేదు. వెనక్కి తిరిగి, మళ్లీ నడుస్తానన్నాడు. మళ్లీ నడిచాడు. ఈసారి కావాలని తన్నాడు. బూటు ఎగిరి ఎదుటి తలుపుకు కొట్టుకుంది.

"చాలు బాబాయి గారూ," అంది మేడమ్, బాధగానే. "మీ అబ్బాయిలాంటివాడు, దించేస్తుంటే మీకు కష్టంగానే ఉంటుంది. కానీ ఈ నాటకాలు మీకు నప్పవు."

ఆయన ఆవిడకు అడ్డంగా నిలబడ్డాడు. అంత వయసులో, పై అధికారి దారికి అడ్డం నిలబడటం అదే మొదటిసారి. డాక్టరుకు చూపించమన్నాడు. చేతులు జోడించాడు. అటుగా వస్తున్న ప్రయాణికులిద్దరు ఆగిపోయి, ఏం జరుగుతోందో తెలియక వెనక్కి తిరిగారు. ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా ఆయనకు ఆ నిమిషంలో లేదు. ఆవిడ చివరికి, డాక్టరు చెప్తే వాడి మీద వేసింది తీసేస్తానని, మీరు మాత్రం ఆ రేవులోనే దిగాల్సి వస్తుందని చెప్పింది. ఆయన తలూపాడు.

ఓడ డాక్టరు తొందర మనిషి, విరిగిన తుంటి దగ్గర్నుంచి అప్పుడే వచ్చాడు. ఖాళీ బాబాయిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, కుడి కన్ను అరచేత్తో మూసుకోమన్నాడు.

"నా ముక్కు వంకే చూడండి. కళ్లు కదపొద్దు. నా వేళ్లు ఆడిస్తూ పక్కనుంచి తెస్తాను. కనపడగానే చెప్పండి."

ఎడమది మంచి కన్ను. ఆ కంటికి వేళ్లు త్వరగా కనపడితే ఎట్లా? కొంచెం ఆలస్యంగా చెప్పాలనుకున్నాడు ఖాళీ బాబాయి. అంతలోనే అలా చేయకూడదనీ, మేడమ్ చూస్తూ ఉందనీ అనుకున్నాడు. డాక్టరు ముక్కు మీద చిన్న మచ్చ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు ఏదో సర్దుకుంటున్నాడేమో అనుకుని ఓపిగ్గా ఉన్నాడు. చివరికి ఆయనే అన్నాడు:

"మొదలుపెట్టండి డాక్టరు గారూ."

గుమ్మం దగ్గర్నుంచి బావమరిది గొంతు వినిపించింది. "పెట్టారు బావా. ఎప్పుడో పెట్టారు."

ఇంకాసేపటికి ఆ మచ్చ పక్కనే, దాదాపు దాన్ని ఆనుకుని, ఆడుతున్న వేలి కొస కనిపించింది. ఖాళీ బాబాయి కనపడిందని చెప్పాడు. తనకు మిగిలింది ఇంతేనని ఆయనకు కూడా అప్పుడే తెలిసింది.

ఇది మీ మంచి కన్నా, రెండోదా అని డాక్టరు మెల్లగా అడిగాడు.

"మంచిదేనండి."

మేడమ్ బయటికి వెళ్లింది. వెళుతూ గుమ్మంలో బావమరిది భుజం తట్టి, నీ పెట్టె సర్దక్కర్లేదని చెప్పింది. వాడు కదల్లేదు. డాక్టరు రెండో కన్ను కూడా చూడాలన్నాడు. ఖాళీ బాబాయి సరేనని, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, వెన్ను నిటారుగా పెట్టి ముందుకు చూశాడు.