నేను గీసిన గాటు

నలభై ఏళ్లకు పైగా ఒక మనిషి ముఖాన్ని మోస్తున్నాను. ఆయన పేరు నాకు తెలియదు. ఉన్నాడో పోయాడో కూడా తెలియదు. వేప్పనపల్లి దగ్గర ఒక ఊళ్లో ఇన్నేళ్లుగా ఆయన ఫోటోకు పూలదండ పడుతోంది. అందుకు కారణం నేను. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. మా నాన్న పోయేదాకా ఆయన మంచం పక్కనే ఉన్నాను, ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలనేమో అనిపిస్తోంది.

ఏడుస్తూ రాస్తున్నాననుకోకండి. ఏడుపు రావడం లేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో లోపల అలా ఉంది. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, అంతే.

మా నాన్న ఎయిర్‌ఫోర్సులో ఫోటోగ్రాఫరు. బంగ్లాదేశ్ యుద్ధం నాటికి తూర్పు దిక్కున ఒక విమానాల స్థావరంలో ఉన్నాడు. విమానాలకు కెమెరాలు బిగించడం, అవి తిరిగొచ్చాక ఫిల్ము కడగడం ఆయన పని. ఆ ఫోటోల్లో ఒక్కటి కూడా ఇంటికి తేలేదు. తెచ్చింది ఒక పుస్తకం మాత్రమే. ముతక గోధుమరంగు కాగితాలను తానే దారంతో కుట్టి, తన సొంత కెమెరాతో తీసినవి అందులో అతికించుకున్నాడు. గడ్డం గీసుకుంటున్న వాళ్లు, చొక్కాలు ఉతుక్కుంటున్న వాళ్లు, రెక్క నీడలో కూర్చుని ఇంటికి ఉత్తరం రాస్తున్న వాళ్లు. మధ్యమధ్యలో చిరిగిన పారాచూట్ గుడ్డ ముక్క, సెలవు చీటీ, రైలు టికెట్టు, సిగరెట్ పెట్టె అట్ట. "యుద్ధం ఫోటోలు సర్కారువి, మనుషుల ఫోటోలు నావి" అనేవాడు. ప్రతి ఫోటో కింద పెన్సిలుతో పేర్లు రాసి పెట్టాడు. ఆ పుస్తకాన్ని ఇనుప పెట్టెలో పెట్టి, ఏడాదికొకసారి ఎండ చూపించేవాడు.

రిటైరయ్యాక కృష్ణగిరిలో స్టూడియో పెట్టాడు. నాకు చదువు అబ్బలేదు, బ్రష్షు అబ్బింది. చనిపోయిన వాళ్ల పాత ఫోటో ఏదో ఒకటి తెస్తే, దాన్నుంచి ముఖం తీసి పెద్దది చేసి, మచ్చలు చెరిపి, గోడకు తగిలించుకునే పటం తయారు చేయడం నా పని. పెళ్లి గుంపులో ఎక్కడో మూలన నిలబడిన మనిషిని కూడా ఒంటరిగా కూర్చోబెట్టేవాణ్ణి. చొక్కా లేకపోతే చొక్కా తొడిగేవాణ్ణి. ఇరవై రెండేళ్లకే ఊళ్లో పేరొచ్చింది. ఆ పేరు తలకెక్కింది కూడా.

ఆ రోజుల్లోనే పాపమ్మ వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. ఆమె భర్త గోవిందప్ప మా నాన్న ఉన్న స్థావరంలోనే మెకానిక్కు. ఆ యుద్ధంలోనే బాంబు పడి చనిపోయాడు. పెళ్లయ్యాక మూడంటే మూడుసార్లు సెలవుకు వచ్చాడట. ఆయన పోయాక అత్తింటివాళ్లతో తగువై ఆమె పుట్టింటికి, అన్న ఇంటికి చేరింది. ఆయన సామాను పెట్టె అత్తింట్లోనే ఉండిపోయింది. అందులోని ఫోటోలు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. పెళ్లికి ఫోటో తీయించలేదు. ఆయనకు దండ వేద్దామంటే పటం లేదు. కృష్ణగిరి స్టూడియో ఆయన దగ్గర ఆ యుద్ధం నాటి ఫోటోలు ఉన్నాయని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది.

నాన్న పుస్తకం తీసి పేజీ చూపించబోయాడు. ఆమె చూడనంది. "ఈడ వద్దప్పా. పటం చేసియ్యండి. ఇంటికి తీసుకపోయి చూసుకుంటాను" అంది. నలుగురు కస్టమర్లున్న చోట ఏడుపొస్తుందని భయపడిందో ఏమో. పోతూ పోతూ నాతో ఆనవాళ్లు చెప్పింది. మీసం ఒత్తుగా ఉంటుందట. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటుందట, చిన్నప్పుడు మామిడి కొమ్మ మీదనుంచి పడినప్పటిది. సోమవారం వస్తానంది.

ఆ ఫోటోలో ఐదుగురు విమానం రెక్క కింద నేల మీద కూర్చుని అన్నం తింటున్నారు. ఎడమనుంచి రెండోవాడు గోవిందప్ప. నలుగురి పేర్లు వరుసగా ఉన్నాయి. ఐదో మనిషి కింద మాత్రం "నిన్న వచ్చినాడు, పేరు అడగాల" అని ఉంది. అడిగే తీరిక దొరికినట్టు లేదు.

నాన్న సామల్పట్టిలో బంధువుల పెళ్లికి పోతూ ఒకే మాట చెప్పాడు. ఫోటో ఊడదీయొద్దు, పుస్తకాన్ని పరిచిపెట్టి పేజీ మీదే కాపీ తియ్యి. నేను అలాగే మొదలుపెట్టాను. పేజీ ఉబ్బి ఉంది. గాజు పలక పెడితే మెరుపు కొడుతోంది. రెండుసార్లు తీసినా ఆ మెరుపులో గోవిందప్ప ముఖం తెల్లగా కొట్టుకుపోయింది. ఊడదీసి నీళ్లలో నానబెడితే చదునవుతుంది, ఆ పని వందసార్లు చేసినవాణ్ణి. చన్నీళ్లలో అయితే గంటలు పడుతుంది. నాకు మధ్యాహ్నం సినిమాకు పోవాలని ఉంది. స్నానానికి కాచిన నీళ్లు ట్రేలో పోశాను.

ఫోటో మీది పొరకు వేడి తగలకూడదని ఆ పనిలో చేరిన మొదటి వారమే నేర్పుతారు. నాకు తెలుసు. తెలియక చేసిన పని కాదు, దయచేసి అది గుర్తుపెట్టుకోండి. పాల మీద మీగడ జారినట్టు ఎడమవైపు పొర జారిపోయింది. గోవిందప్ప ముఖం నా కళ్ల ముందే ముడుతలు పడి, నల్లటి పొట్టయి, నీళ్లలో తేలింది. వేలితో ఎత్తబోతే వేలికి అంటుకుంది. వేలు తుడుచుకున్నాను. కుడివైపు ఇద్దరు మిగిలారు. ఒకాయన తల పక్కకు తిప్పుకుని ఉన్నాడు. ఎదురుగా చూస్తున్నది ఐదో మనిషి ఒక్కడే.

అప్పుడు ఏమనుకున్నాను? ఎన్నిసార్లు అడిగి చూసుకున్నా జవాబు అదే. ఏమీ అనుకోలేదు. నాన్న తిడతాడనుకున్నాను. అంతే. ఒక ఆడమనిషికి ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క ముఖాన్ని చెరిపేశానని ఆ పూట నా బుర్రకు తట్టనే లేదు. పైగా చేతిలో బ్రష్షుంది. బ్రష్షుతో కానిదేముంది అనుకున్నాను.

ఐదో మనిషి ముఖాన్ని పెద్దది చేశాను. ఆయన నవ్వుతున్నాడు. పోయినవాళ్ల పటంలో పళ్లు కనబడితే బాగుండదు, పెదవులు కలిపేశాను. మీసం ఒత్తు చేశాను. చివరికి భూతద్దం పెట్టుకుని, సన్నటి బ్రష్షుతో, ఎడమ కనుబొమ్మ మీద గాటు గీశాను. చాలా బాగా వచ్చింది. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను కూడా. ఇది రాయకూడదనుకున్నాను, కానీ రాయకపోతే మిగతాదంతా రాసి ఏం లాభం?

సోమవారం ఆమె వచ్చింది. ఇంటికి పోయి చూసుకుంటానన్న మనిషి ఆగలేకపోయింది. పేపరు విప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈయనేనాప్పా?" అంది.

"ఈయనేనమ్మా."

"నాకు యాడనో తేడా కొడతా ఉంది. ముక్కు ఇట్ల ఉండెనా?"

"మిలిట్రీలో ముఖాలు మారిపోతాయమ్మా. ఎండ, ఆ తిండి... మీరు చూసి ఎన్నేండ్లాయ?"

ఆమె వేలితో ఆ గాటును తడిమింది. "గాటు ఉండాది" అంది. తర్వాత, నాతో కాదు, తనలో తాను అన్నట్టు, "నేనే మరిచిపోయినట్టుండాను, పాపిష్టిదాన్ని" అంది.

మీరు ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. నేను చేసిన తప్పు వేడినీళ్లు కాదు. అది పొరపాటని సర్దుకోవచ్చు. బొమ్మ మార్చడం కూడా భయంతో చేసిన మోసమని ఎవరైనా అనవచ్చు. ఆమె జ్ఞాపకం నిజం చెబుతుంటే, అది అబద్ధమని ఆమె చేతే ఒప్పించాను. తనను తాను పాపిష్టిదానా అని తిట్టుకునేలా చేశాను. "కాదమ్మా, నువ్వే రైటు" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె పటాన్ని కొంగులో చుట్టుకుని బస్టాండు వైపు పోయేదాకా, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

పాడైన ఫోటోను నీళ్లపొయ్యిలో వేశాను. నాన్న పెళ్లినుంచి వచ్చి పేజీలో ఖాళీ చూసి అడిగాడు. ఆమె బతిమాలితే అసలు ఫోటో కూడా ఇచ్చేశానన్నాను. నాన్న, "మంచిపని చేసినావురా. అది ఆమెదే" అన్నాడు. మా నాన్న నన్ను మెచ్చుకున్నది చాలా తక్కువ. అందులో ఇదొకటి. తర్వాత రెండు మూడుసార్లు ఆమె ఇంటికి పోయి చూసొద్దామన్నాడు. ఏదో ఒక సాకు చెప్పి తప్పించాను. ఆయన పోయాక పుస్తకం నాకొచ్చింది. ఏడాదికొకసారి నేనే ఎండ చూపిస్తున్నాను. ఆ పేజీ వచ్చినప్పుడు గబుక్కున తిప్పేస్తాను.

ఇదంతా ఇప్పుడెందుకు? పోయిన నెల పాపమ్మ కాలం చేసింది.

నేను హోసూరుకు వచ్చేసి చాలాకాలమైంది. బ్రష్షు పోయి కంప్యూటరు వచ్చింది. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరేవాళ్లకు ఫోటోలు తీసి బతుకుతున్నాను. ఒక మధ్యాహ్నం మెడలో ఫ్యాక్టరీ కార్డు వేలాడుతున్న మనిషి వచ్చాడు. పేరు మంజు. ఇద్దరి ఫోటోలు టేబులు మీద పెట్టి, ఇద్దరినీ ఒకే పటంలో పక్కపక్కన కూర్చోబెట్టాలన్నాడు. మేనత్త అట. దినాలకు కావాలట. ఆమె ఎవరో పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. రెండో పటాన్ని మాత్రం చూడగానే గుర్తుపట్టాను. అతనికి నేనెవరో తెలియదు. హోసూరులో ఇన్ని స్టూడియోలుంటే నా దగ్గరికే ఎందుకు వచ్చాడు? షిఫ్టు బస్సు మా వీధి చివర ఆగుతుంది, అంతే. ఇందులో దేవుణ్ణి వెతకొద్దని నాకు నేను చెప్పుకున్నాను.

స్కాన్ చేసి పెద్దది చేస్తే నా బ్రష్షు గీతలు ఒక్కొక్కటీ కనబడ్డాయి. పెదవులు కలిపిన చోట సిరా గోధుమరంగుకు తిరిగింది. లోపలినుంచి నవ్వు లీలగా బయటికొస్తోంది. ఇద్దరినీ దగ్గరికి జరిపాను. ఆమె ముసలిది, ఆయన కుర్రవాడు. ఊరికే ఉండలేక అడిగాను.

"మీ అత్త ఈ పటానికి దండం పెట్టుకుంటా ఉండెనా?"

"దినమూ పెట్టుకుంటా ఉండె సార్. అయితే కండ్లు గట్టిగా మూసుకుని పెట్టుకునేది. పువ్వు కూడా తడుముకుంటా పెట్టేది. ఏంటికత్తా అంటే, దాన్ని చూస్తే ఆయన ముఖం మరిచిపోతానురా అనేది. ముసలామె చాదస్తం, ఇడ్సండి" అన్నాడు, నవ్వి.

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదని తెలుసు. నోరు తెరిచాను కూడా. "బ్యాక్‌గ్రౌండ్ నీలం పెట్టమంటావా, తెలుపా?" అన్న మాట బయటికొచ్చింది. నీలం పెట్టమన్నాడు. పెట్టాను.

ఆమెకు తెలుసు. ఎప్పటినుంచి? ఇంటికి పోయాక తెలిసిందా? లేక నా షాపులో, నా ఎదురుగా నిలబడి గాటు తడిమినప్పుడే తెలిసి, అన్న ఇంట్లో వదిన ముందు వట్టి చేతులతో పోలేక తీసుకుపోయిందా? అడగడానికి మనిషి లేదు. ఒకటి మాత్రం తెలిసింది. పటం లేనన్నాళ్లూ ఆమె కళ్లు తెరుచుకుని కూడా భర్తను చూడగలిగింది. నేను పటం ఇచ్చాక, ఆయన్ని చూడాలంటే కళ్లు మూసుకోవలసి వచ్చింది. నలభై ఏళ్లు, ప్రతిరోజూ.

ఆ పటం ఇప్పుడు వాళ్లింట్లో గోడకు ఉంది. నీలం బ్యాక్‌గ్రౌండు, ఇద్దరికీ కలిపి ఒకే దండ. ఆమె పక్కనున్నది గోవిందప్ప కాదు. ఈ మాట నేను నోటితో ఎవరికీ చెప్పలేదు, కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టాక పెద్దగా ఏమీ అనిపించలేదు. చెయ్యి కొంచెం తేలికైంది. ఆయన గోవిందప్ప కాదు.