రత్నం వదినగారి గుడ్ల పులుసు ఐస్‌లాండ్‌లో ఏమైందంటే

నలుగురి నోటిదగ్గర కూడు తీసేసి, పైగా వియ్యపురాలి ముందు తలెత్తుకోలేకుండా అయిన కథ చెప్తాను. ఆ రెండు ఘనకార్యాలూ నావే. ఎవరూ సాయం చెయ్యలేదు.

అమెరికాలో, ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయి సునీత ఇంట్లో వంటిల్లు నాది. కూర బాగుందో పాడైందో మూత తియ్యకుండానే చెప్పేస్తాను. నా ముక్కంటే అంత గురి. ఎవరికంటారా, నాకే. మిగతావాళ్ళని ఎప్పుడూ అడగలేదు.

ఒక వేసవిలో అల్లుడు డేవిడ్ మమ్మల్ని ఐస్‌లాండ్ తీసికెళ్ళాడు. వాళ్ళమ్మ రత్నం వదినగారు శాన్ రామన్‌లో పెద్దకొడుకు ఇంటినుంచి వచ్చి మాతో కలిశారు. ఆ దీవి సంగతి ఏం చెప్పను. ఇసుక చూస్తే బొగ్గుపొడి. జలపాతం చూస్తే, ఆకాశంలో ఎవరో కుళాయి కట్టెయ్యడం మర్చిపోయినట్టుంటుంది. ఒకపక్క కొండంత మంచుగడ్డ, ఇంకోపక్క నేలలోంచి సలసల కాగే నీళ్ళు. ఆ నీళ్ళు చూడ్డానికి బయల్దేరిన రోజే నా కొంప మునిగింది.

ఆ పొద్దున వదినగారు, "ఇవాళ్టికి వంట నాకు వదిలెయ్యండి వదినగారూ. మా డేవిడ్ నా చేతి గుడ్ల పులుసు అడిగాడు," అన్నారు. పెద్ద మనసు చేసుకుని సరే అన్నాను. అద్దె ఇంట్లో ఆవిడ గిన్నె దించుతున్నారు, నేను వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటున్నాను. సన్నగా ఏదో కంపు. మనసులో పెట్టుకున్నాను.

కార్‌లో పులుసు డబ్బా నా ఒళ్ళోనే ఉంది. కొండల్లోకి వెళ్ళేకొద్దీ కంపు ముదిరింది. కుళ్ళిన గుడ్డు కంపే, అనుమానం లేదు. ముందు సీట్లో సునీత ముక్కు మూసుకుంది. ఇక నాకు సాక్షి కూడా దొరికింది.

"వదినగారూ, గుడ్లు పోయాయండి."

"పొద్దున్నే కదండీ వండాను. ఎలా పోతాయి?"

"ఇక్కడి కోళ్ళు ఎలాంటివో మనకేం తెలుసు."

వాసన పులుసుది కాదేమో అత్తయ్యా అని డేవిడ్ నసిగాడు. అమ్మ మీద ప్రేమకొద్దీ అంటున్నాడులే అనుకున్నాను. కార్ ఆగగానే దిగి మూత తీశాను. గుప్పుమంది. డబ్బాలోంచా, బయటినుంచా అని చూసే ఓపిక ఎవరికుంది చెప్పండి. "ఒక్క గుడ్డు రుచి చూడండి," అంటూ వదినగారు స్పూన్ తీసేలోపే డబ్బాతో సహా చెత్తబుట్టలో పడేశాను. పక్కనున్న పాపానికి అన్నం కూడా. పరాయి దేశంలో ఎవరికైనా వాంతులు పట్టుకుంటే గతేమిటని మా పాస్టరుగారికి తీసిపోకుండా ప్రసంగం ఒకటి చేశాను. వదినగారు స్పూన్ తుడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నారు.

నాలుగడుగులు నడిచాం. కంపు తగ్గాలి కదా, పెరిగింది. "మీ కోటుకి పట్టేసిందండి," అన్నాను. పాపం, ఆవిడ చెయ్యి ఎత్తి కోటు వాసన చూసుకున్నారు. ఇంకాస్త ముందుకెళ్తే నేలంతా పసుపు రాసినట్టుంది, బొరియల్లోంచి పొగలు. సునీత అక్కడి బోర్డు చదివి నావైపు తిరిగింది.

"అమ్మా, ఈ కంపు నేలలోంచి వస్తోందట. గంధకం. ఇక్కడి ఇళ్ళల్లో వేణ్ణీళ్ళు కూడా ఇలాంటివేనట."

అప్పుడే ఆ కాగే నీళ్ళు నేలలోంచి తాటిచెట్టంత ఎత్తు లేచాయి. జనమంతా చప్పట్లు కొట్టారు. మేం నలుగురం మాత్రం చెత్తబుట్ట వైపు చూస్తున్నాం. డేవిడ్ అయితే సమాధి దగ్గర నిలబడ్డవాడిలా ఉన్నాడు.

తప్పైపోయింది వదినగారూ, మీ పులుసుని అన్యాయంగా ఆడిపోసుకున్నాను అన్నాను. ఆవిడ పొగలవైపు చెయ్యి చూపించారు.

"పోనివ్వండి వదినగారూ. ఈ దీవి బుట్టలో పట్టదు కాబట్టి మిగిలింది. లేకపోతే దీన్నీ పారేద్దురు."

ముందు నవ్వింది డేవిడే. తర్వాత ఆవిడ కూడా నవ్వారు. అందరం చిప్స్ తిని కడుపు నింపుకున్నాం.

ఒట్లు పెట్టకూడదని మా పాస్టరుగారు చెప్తారు కాబట్టి బైబిల్ జోలికి పోకుండా, గరిటె పట్టుకుని చెప్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి పులుసునీ ముక్కుతో విచారించను. ముందు రెండు గుడ్లు తింటాను. నిజంగానే పాడయ్యాయని తేలితే, మూడోది కూడా తిని నోరు మూసుకుంటాను.